చెరువు మీద ఆకుపచ్చ తెట్టె: లక్షణం, కారణం, పరిష్కారం

ఎండలు ముదిరి, ఆకు కూడా కదలని రాత్రి ఒకటి గడిచాక తెల్లవారుజామున చెరువు గట్టుకు వెళ్ళినవారికి నీటి మీద ఎవరో ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు కనిపిస్తుంది. ముందురోజు సాయంత్రం అదే నీరు కొంచెం పచ్చగా ఉన్నదే తప్ప దాని మీద తెట్టె లేదు. అందువల్ల రాత్రికి రాత్రే ఏదో పెరిగిందని కొందరు, ఎవరో ఏదో కలిపారని కొందరు అనుకుంటారు. ఈ రెండు ఊహలూ సాధారణంగా తప్పే. ఆ తప్పు ఊహల మీద ఆధారపడి చేసే చికిత్సలు డబ్బును వృథా చేయడమే కాక, కొన్నిసార్లు నీటిని మరింత ప్రమాదకరంగా మారుస్తాయి. మంచినీళ్ళ చెరువును, చేపల చెరువును, నగరంలోని సరస్సును కనిపెట్టుకుని ఉండేవారు తమకు కనిపించిన లక్షణం నుంచి మొదలుపెట్టి కారణాన్ని వెతుక్కోవడానికి ఈ వివరాలు పనికివస్తాయి.

ముందుగా తేల్చుకోవలసినది: అది సయనోబ్యాక్టీరియా తెట్టేనా?

నీటి మీద పచ్చగా తేలేదంతా ఒకటి కాదు. గుర్రపుడెక్కను ఎవరైనా గుర్తుపడతారు. చిక్కు వచ్చేది నాచుకూ, సయనోబ్యాక్టీరియాకూ మధ్యనే. సయనోబ్యాక్టీరియాను పాఠ్యపుస్తకాలు నీలి ఆకుపచ్చ శైవలాలు అంటాయి గానీ, నిజానికి ఇవి కిరణజన్య సంయోగక్రియ జరిపే బ్యాక్టీరియా. పొడవాటి కర్రను నీటిలో ముంచి పైకి ఎత్తినప్పుడు పచ్చటి పోగులు తడి జుట్టులా వేలాడితే అది దారాల నాచు. చిన్న చిన్న ఆకులు, వాటి కింద సన్నని వేళ్ళు కనిపిస్తే అది తేలే మొక్క. కర్రకు రంగు పూసినట్టు అంటుకుని, మెల్లగా జారిపోతే సయనోబ్యాక్టీరియాను అనుమానించాలి. ఉదయం పచ్చగా ఉండి ఎండ ఎక్కేకొద్దీ ఇటుక ఎరుపుకు తిరిగే పొర ఉంటుంది. అది యూగ్లీనా అనే వేరొక జీవి పని కనుక కింద చెప్పే విషయాలు దానికి వర్తించవు.

మరింత నమ్మకమైన పరీక్షకు ఒక గాజు సీసా చాలు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, తెట్టె పక్కనున్న పచ్చనీటిని ముప్పాతిక వంతు సీసాలోకి తీసుకుని, నీడలో ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. తెల్లవారేసరికి పచ్చదనం పైన వలయంలా చేరితే సయనోబ్యాక్టీరియా అయ్యే అవకాశం ఎక్కువ. అడుగున పేరుకుంటే మామూలు శైవలాలు కావచ్చు. ఈ తేలే గుణానికి కారణమేమిటో 1895లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు క్లేబాన్ ఒక సుత్తి దెబ్బతో తేల్చాడు. తెట్టె కలిసిన నీటితో సీసాను నిండుగా నింపి, బిరడా బిగించి, దాని మీద సుత్తితో కొడితే లోపలి పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ దెబ్బకు పాలలా మసకగా ఉన్న నీరు ముదురు రంగుకు మారి, అంతవరకు తేలుతున్న కణాలు అడుగుకు దిగిపోతాయి. కణాలలో ఏదో బోలు నిర్మాణం పగిలిందన్నమాట. సీసా చిట్లి చేతిని కోసే ప్రమాదం ఉన్నందున ఈ ప్రయోగాన్ని ఇంట్లో చేయమని సలహా ఇవ్వలేను.

లక్షణం: నిన్న లేని తెట్టె ఈ ఉదయం చెరువంతా పరచుకుంది

దీనికి కారణం పెరుగుదల కాదు, చేరిక. కాచిన పాలను కదపకుండా ఉంచితే మీగడ కడుతుంది; ఆ మీగడ అప్పటికప్పుడు పుట్టినది కాదు, పాలలో చెదిరి ఉన్న వెన్నే పైకి చేరింది. చెరువులో జరిగేదీ అదే. మైక్రోసిస్టిస్ వంటి సయనోబ్యాక్టీరియా అనుకూలమైన చెరువులో కూడా రెట్టింపు కావడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులో, అంతకంటె ఎక్కువ కాలమో తీసుకుంటాయి కనుక, ఒక్క రాత్రిలో వేయి రెట్లు పెరగడం వాటికి సాధ్యం కాదు. కానీ 3 మీటర్ల లోతు నీటిలో సమంగా పరచుకుని ఉన్న కణాలన్నీ పై 3 మిల్లీమీటర్లలోకి చేరితే చిక్కదనం వేయి రెట్లవుతుంది. దానికి కొత్తగా ఒక్క కణం కూడా పుట్టనక్కరలేదు.

ఈ విషయం మీద 1975లో విస్తృతమైన సమీక్ష రాసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కోలిన్ రేనాల్డ్స్, ఆంథొనీ వాల్స్‌బీ తెట్టె కట్టడానికి మూడు విషయాలు కలిసి రావాలని వివరించారు: నీటిలో ముందే తగినంత జనాభా ఉండాలి, ఆ కణాలలో ఎక్కువ భాగం తేలే స్థితిలో ఉండాలి, నీరు కదలకుండా ఉండాలి. మన కంటికి కనిపించే మార్పు మూడవదైన గాలి ఆగిపోవడం ఒక్కటే. మొదటి రెండూ అంతకు ముందు వారాల తరబడి కంటపడకుండా తయారవుతూ వచ్చాయి.

తేలే స్థితి ఎలా వస్తుందో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పరిష్కారాల మంచిచెడ్డలన్నీ దీని మీదనే ఆధారపడి ఉన్నాయి. ఈ కణాలలో ప్రోటీన్ గోడలు గల అతి సూక్ష్మమైన బోలు గొట్టాలు ఉంటాయి. వాటిని వాయు కోశికలు అనవచ్చు. వాటి గోడలు నీటిని లోపలికి రానివ్వవు గానీ వాయువులను ఇటూ అటూ పోనిస్తాయి. అందువల్ల ఇవి ఊది ఉబ్బించిన బుడగల వంటివి కావు. కణం వాటిని నిర్మించుకోవాలి, లేదా పీడనానికి అవి కూలిపోవాలి, అంతే. దీనికి ఎదురు బరువు పిండిపదార్థం. పగటి వెలుతురులో కణం పిండిపదార్థాన్ని కూడబెట్టుకుని బరువెక్కి దిగుతుంది, చీకటిలో దానిని ఖర్చు చేసి తేలికై లేస్తుంది.

వరుసగా కొన్ని రోజులు గాలి బాగా వీచి నీరు అడుగుదాకా కలియబడుతూ ఉంటే, కణాలు ఎక్కువ సమయం మసక వెలుతురులోనే గడుపుతాయి. అప్పుడు పిండిపదార్థం తగ్గి, వాయు కోశికలు పెరిగి, కణాలు ఉండవలసినదానికంటె ఎక్కువ తేలికవుతాయి. గాలి ఉన్నంతసేపు నీటి సుడులు వాటిని పైకి పోనివ్వవు. ఆ గాలి ఒక సాయంత్రం హఠాత్తుగా ఆగిపోతే అన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. కణం ఒంటరిగా ఉంటే రోజుకు ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే లేవగలదు. కానీ తేలే వేగం వ్యాసానికి వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది కనుక, మిగిలినవన్నీ సమానమైతే, 100 రెట్లు పెద్దదైన కణాల గుంపు 10,000 రెట్లు వేగంగా లేవాలి. జిగురుతో అతుక్కుని గుంపులు కట్టే మైక్రోసిస్టిస్ గంటకు మీటరుకు పైగా లేవగలగడానికి కారణం ఇదే. మూడు మీటర్ల చెరువుకు ఒక రాత్రి ఎక్కువే.

ఇక పరిష్కారం. తెట్టె కట్టిన ఉదయం దానిని పోగొట్టాలని ఆరాటపడడం కంటె, మనుషులను, పశువులను, కుక్కలను దాని నుంచి దూరంగా ఉంచడం ముఖ్యం. మైక్రోసిస్టిస్‌లో చాలా రకాలు తయారుచేసే మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఏ తెట్టెలో విషం ఉన్నదో, ఏ తెట్టెలో లేదో కంటితో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, కనుక ప్రయోగశాల వేరే చెప్పేదాకా ఉన్నదనే అనుకోవాలి. పశువులు చనిపోవడం కొత్త సంగతి కాదు; దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రీనా సరస్సు తెట్టె తాగి పశువులు చనిపోయిన తీరును జార్జి ఫ్రాన్సిస్ 1878లోనే నేచర్ పత్రికలో ప్రకటించాడు.

వచ్చే తెట్టెను ముందే పసిగట్టడానికి 20 సెంటీమీటర్ల వ్యాసం గల తెలుపు నలుపు పళ్ళాన్ని తాడుకు కట్టి, వారానికి ఒకసారి ఒకే చోట, ఒకే వేళకు నీటిలోకి దించి, అది కనబడకుండా పోయే లోతును పుస్తకంలో రాసుకుంటూ ఉండాలి. ఆ లోతు వారం వారం తగ్గుతూ, నీటి పచ్చదనం పెరుగుతూ ఉంటే మొదటి షరతు నెరవేరుతున్నదని అర్థం. ఇక గాలి పడిపోవడమే తరువాయి.

లక్షణం: ఒక గట్టు వైపే దట్టంగా ఉంది

సన్నని గాలి పైపొరను ఒక వైపుకు నెట్టింది. 100 మీటర్ల వెడల్పున పరచుకున్న పొర ఒక మీటరు మేర గట్టును అంటుకుంటే మరో 100 రెట్లు చిక్కబడుతుంది. పైన చెప్పిన వేయి రెట్లతో కలిపి ఇది లక్ష రెట్లు. నీటి నమూనాను చెరువు నడుమ తీసుకుని ప్రమాదం లేదని చెప్పడమూ, గట్టు మీద తీసుకుని చెరువంతా విషమని చెప్పడమూ ఇందువల్లనే తప్పుతోవ పట్టిస్తాయి. రెండు చోట్లా తీయాలి. తెట్టెను చేతులతో తొలగించడానికి అనువైన చోటు కూడా ఇదే. దానిని ఎత్తి నీటికి దూరంగా, వానకు తిరిగి చెరువులోకి కొట్టుకురాని చోట పారబోయాలి. గట్టు మీదనే కుప్ప పోస్తే అందులోని భాస్వరం మొదటి వానకే చెరువుకు తిరిగి వస్తుంది.

లక్షణం: మధ్యాహ్నానికి తెట్టె మాయమైంది

గాలి సెకనుకు సుమారు 3, 4 మీటర్ల వేగాన్ని దాటితే పైపొర చెదిరి నీటిలో కలిసిపోతుంది. తెట్టె పోయింది గానీ జనాభా పోలేదు. ఉదయం ఏదైనా మందు చల్లినవారు మధ్యాహ్నం దాని పనితనాన్ని మెచ్చుకోవడం, రెండు రోజుల తరువాత గాలి ఆగి తెట్టె మళ్ళీ కనబడితే ఇంకో సంచి కొనడం తరచుగా జరిగేదే. మందు పనిచేసిందో లేదో తెట్టెను చూసి కాక, పళ్ళెం కనబడే లోతు పెరిగిందా అన్నది చూసి చెప్పాలి.

లక్షణం: గట్టు రాళ్ళ మీద నీలిమందు పూసినట్టు మరకలు, తెల్లబారిన పొరలు, కుళ్ళు వాసన

పైకి చేరిన కణాలు అక్కడే ఉచ్చులో పడ్డాయి. పొర దట్టమయ్యేసరికి అందులో కార్బన్ డయాక్సైడ్ అడుగంటి, పీహెచ్ 9ని దాటిపోవచ్చు. పైనుంచి ఎండ మాడ్చేస్తుంది. దిగిపోవడానికి కావలసినంత పిండిపదార్థాన్ని తయారుచేసుకోలేక కణాలు అక్కడే ఎండి, పగిలి, చనిపోతాయి. ఆకుపచ్చ వర్ణకం వెలిసిపోగా ఫైకోసయనిన్ అనే నీలి వర్ణకం బయటపడి రాళ్ళకు అంటుకుంటుంది. ఈ నీలి మరకను కేవలం వింతగా చూసి వదిలేయకూడదు. కణాలు పగిలినప్పుడు వర్ణకంతోపాటు లోపలి విషం కూడా నీటిలోకి వచ్చేసింది కనుక, పచ్చని తెట్టె ఉన్నప్పటికంటె ఇప్పుడే చుట్టుపక్కల నీటిని ఎక్కువ అనుమానించాలి.

చేపలు ఈ దశలోనే తెల్లవారుజామున నోళ్ళు పైకి పెట్టి తిరుగుతాయి. రాత్రి శ్వాసక్రియ, కుళ్ళుతున్న కణాలు కలిసి నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి. చేపల చెరువులో వెంటనే ఏరేటర్లు వేయాలి, మేత ఆపాలి. వీలుంటే మంచి నీరు పెట్టాలి. పట్టుబడి దగ్గరపడిన చెరువులో చేపకు మట్టి వాసన రావడం కూడా ఈ కుటుంబం వల్ల కలిగే నష్టమే. కొన్ని సయనోబ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ చేప కొవ్వులో చేరుతుంది. అమ్మే ముందు చేపలను కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో మేత లేకుండా ఉంచితే అది తగ్గుతుంది.

లక్షణం: మైలుతుత్తం చల్లాము, నీరు తేటపడింది, కానీ జనం జబ్బుపడ్డారు

మైలుతుత్తం కణాలను చంపుతుంది, అందులో సందేహం లేదు. వాటిని పగలగొట్టి చంపుతుంది, చిక్కంతా అక్కడే ఉంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలండ్‌లో తాగునీటి జలాశయపు పచ్చదనాన్ని పోగొట్టడానికి మైలుతుత్తం వేసిన కొద్ది రోజులకే 148 మంది కాలేయం, పేగులు దెబ్బతిన్న లక్షణాలతో ఆస్పత్రి పాలయ్యారు. వారిలో అత్యధికులు పిల్లలు. అక్కడ దోషిగా తేలిన జీవి పైన తెట్టె కట్టే రకం కాదన్నది గమనించదగిన విషయం, ఎందుకంటే తెట్టె లేకపోవడం భద్రతకు హామీ కాదు.

ఇప్పటికే మైలుతుత్తమో, బ్లీచింగో వేసి ఉంటే, ఆ నీటిని తాగడానికి వాడడం ఆపి, మైక్రోసిస్టిన్ పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా వేరే నీరు ఏర్పాటు చేయాలి. పశువులకూ అంతే. తాగునీటి చెరువులో నిండుగా జనాభా ఉన్నప్పుడు కణాలను పగలగొట్టే ఏ మందూ వేయకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

లక్షణం: ప్రతి ఏడూ ఎండాకాలంలో తెట్టె తప్పడం లేదు

ఇక్కడ మూలకారణం భాస్వరం. కెనడాలోని ఒంటారియోలో 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సును నడుమ తెరతో రెండుగా విడదీసి, ఒక సగంలో కార్బన్, నత్రజని మాత్రమే, రెండవ సగంలో వాటితోపాటు భాస్వరం కలిపింది. భాస్వరం కలిపిన సగం పచ్చబడింది, రెండవది పచ్చబడలేదు. నత్రజనిని ఒక్కదాన్ని తగ్గించినా లాభం ఉండకపోవచ్చు, ఎందుకంటే అనబీనా వంటి కొన్ని సయనోబ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని స్వయంగా పట్టుకోగలవు. భాస్వరానికి అటువంటి దొడ్డిదారి లేదు. ఒక కిలో భాస్వరం 500 కిలోల దాకా పచ్చి శైవలాన్ని పోషించగలదని లెక్క. దానికి మూలాలు మురుగునీరు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు, చేపలు తినక మిగిలిన మేత, పశువులను కడిగిన నీరు, బట్టల సబ్బు.

కృష్ణా, గోదావరి డెల్టాలలోని మంచినీళ్ళ చెరువులకు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు వాటిని నింపుకుంటారు. మళ్ళీ కాలువ వచ్చేదాకా ఆ నీరు కదలదు, నెలనెలా వేడెక్కుతుంది, లోతు తగ్గుతుంది. కాలువ నీటితోపాటు పొలాల ఎరువూ, ఒండ్రూ వస్తాయి. అందుచేత నింపే రోజున మొదటి మురికి ఒరవడిని వదిలేసి, నీరు తేరుకున్నాక చెరువుకు తిప్పడం, గట్టు లోపలి వైపుకు పశువులను రానివ్వకపోవడం, చాకిరేవును వేరే చోటికి మార్చడం వంటి పనులు ఏ మందుకన్నా ఎక్కువ మేలు చేస్తాయి. కలుపు తింటుందని గడ్డిచేపను వదిలితే నీటిమొక్కలు పోయి, వాటి వాటా భాస్వరం కూడా సయనోబ్యాక్టీరియాకే దక్కుతుంది. బంగారుతీగ అడుగు బురదను కెలికి అదే పని చేస్తుంది.

పెద్ద సరస్సులలో మురుగును మళ్ళించడం తప్ప వేరే దారి లేదు. అమెరికాలోని సియాటిల్ ప్రజలు 1963 నుంచి 1968 వరకు దశలవారీగా వాషింగ్టన్ సరస్సులోకి పోయే మురుగును మళ్ళించగా, 1970ల నాటికి నీరు తేటపడింది. అది లోతైన సరస్సు, పైనుంచి మంచి నీరు ధారాళంగా వచ్చే సరస్సు. కూకట్‌పల్లి నాలా మురుగును దశాబ్దాలుగా మోసిన హుస్సేన్ సాగర్‌కు ఆ రెండు అదృష్టాలూ లేవు.

లక్షణం: మురుగు ఆపి ఏళ్ళు గడిచినా తెట్టె ఆగలేదు

అడుగు బురద పాత అప్పును తీరుస్తున్నది. ఆక్సిజన్ ఉన్నంతకాలం బురదలోని ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. వేసవిలో అడుగున ఆక్సిజన్ అయిపోగానే ఆ పట్టు వదిలి భాస్వరం నీటిలోకి వస్తుంది. స్వీడన్‌లోని ట్రుమ్మెన్ సరస్సుకు 1950ల చివర మురుగు ఆపినా పదేళ్ళు దాటినా బాగుపడలేదు. 1970, 1971లలో పై బురదను తోడివేశాకనే అది కోలుకున్నది. మన చిన్న చెరువులకు ఈ పరిష్కారం కొత్తది కాదు: ఎండాకాలంలో పూడిక తీసి పొలాలకు తోలుకోవడం మన రైతులకు తరాలుగా తెలిసిన పని. చెరువుకు చేటైన భాస్వరమే పొలానికి ఎరువు. పరిశ్రమల మురుగు చేరిన చెరువు పూడికను మాత్రం భార లోహాల పరీక్ష లేకుండా పొలానికి తోలకూడదు.

లక్షణం: ఫౌంటెన్లు పెట్టినా ప్రయోజనం లేదు

నీటిని కలియబెట్టే పద్ధతి పనిచేయాలంటే కణాలను చీకటిలోకి లాగగలిగినంత లోతు ఉండాలి. సుమారు 30 మీటర్ల లోతు గల ఆమ్‌స్టర్‌డామ్‌లోని న్యూవే మేర్ సరస్సులో 1993 నుంచి అడుగున గాలి బుడగలు వదిలి మైక్రోసిస్టిస్‌ను బాగా తగ్గించగలిగారు. మూడు మీటర్ల చెరువులో ఎంత కలియబెట్టినా వెలుతురు పూర్తిగా తప్పదు, పైగా బురద లేచి భాస్వరం పైకి వస్తుంది. పైపైన చిమ్మే ఫౌంటెన్ అందానికీ, కొంతవరకు చేపల ఊపిరికీ పనికివస్తుంది, తెట్టెకు కాదు.

లక్షణం: తెట్టె ఉన్న చెరువు నుంచే కుళాయి నీరు రావాలి

కాచడం పరిష్కారం కాదు. మైక్రోసిస్టిన్ మరిగించినా చెడిపోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరం 4 లక్షల మందికి పైగా ప్రజలను కుళాయి నీరు తాగవద్దని, కాచి కూడా తాగవద్దని హెచ్చరించవలసి వచ్చింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఇటువంటి నీరు సరిగా శుద్ధి కాకుండా డయాలిసిస్‌కు చేరినందువల్ల 50 మందికి పైగా రోగులు మరణించారు. దీర్ఘకాలం తాగే నీటిలో ఈ విషపు రకాలలో ఒకటైన మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్ లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం.

పని వరుస ఇలా ఉండాలి. నీటిని తెట్టె కింద నుంచి, గాలికి తెట్టె చేరని గట్టు వైపు నుంచి తోడాలి; గాలి లేని తెల్లవారుజామున తోడవలసి వస్తే గొట్టం మూతిని మరింత లోతుకు దించాలి, అడుగు బురదను మాత్రం తాకనివ్వకూడదు. ముందుగానే క్లోరిన్ వేయకుండా పటికతో కణాలను పగలకుండా గడ్డకట్టించి, తేర్చి, వడపోయాలి. అప్పటికే నీటిలో కరిగిపోయిన విషాన్ని పటికా, చిల్లగింజా, ఇంట్లోని క్యాండిల్ ఫిల్టరూ పట్టలేవు; దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. క్లోరిన్ చివరగా రావాలి, అదీ పీహెచ్‌ను 8 కంటె తక్కువకు దించిన తరువాతే, లేకపోతే విషం మీద దాని పని మందగిస్తుంది. పటికతో తేరిన మడ్డిని ఒకటి రెండు రోజులలోనే తీసివేయాలి, ఎందుకంటే అందులో బతికి ఉన్న కణాలు అక్కడే కుళ్ళి పగులుతాయి. ఫిల్టర్లు కడిగిన నీటిని పొదుపు పేరుతో మళ్ళీ శుద్ధి మొదటికి తిప్పకూడదు.